వరుస చివర

టైపు మిషన్లు రెండూ సోమవారం పొద్దున్నే మెట్లు దిగిపోయాయి. మోసే మనిషి ఒక్కడే వచ్చాడు. ఒక్కోదాన్నీ కడుపుకు అదుముకుని, గడ్డం దాని మీద ఆనించి, అడుగుకో మూలుగు మూలుగుతూ దించాడు. రెండోది మలుపు తిరిగేటప్పుడు కాయితం పట్టే క్యారేజీ దానంతటదే జారి గంట టింగుమంది. పైమెట్టు మీద నిలబడి చూస్తున్న మిషను పిన్ని ఎడమచెయ్యి చటుక్కున పైకి లేచింది. వరుస అయిపోయిందని గంట కొట్టగానే క్యారేజీని వెనక్కి తోసే చెయ్యి అది. లేచిన చేతిని ఏం చెయ్యాలో తెలియక పిన్ని జుట్టు సర్దుకుంది.

పక్కనున్న పెళ్లికూతురు ఫక్కున నవ్వింది. పిన్ని ఆమె నెత్తిన చిన్న మొట్టికాయ వేసింది.

"నవ్వు, నవ్వు. రేపు నీకూ ఇంతే. ఇంకో కొత్త మిషనొస్తుంది, నీ చెయ్యీ ఇలాగే గాల్లో లేస్తుంది."

పెళ్లికూతురికి వేరే పేరు లేదా అంటే ఉంది. కానీ పెళ్లయిన వారానికే చేతుల గోరింటాకు ఎరుపు కూడా పోకుండా ఈ లాయరుగారి ఆఫీసులో చేరింది కాబట్టి, గుమాస్తా మొదటిరోజే ఆ పేరు పెట్టేశాడు. ఇప్పుడు లాయరుగారు కూడా మరిచిపోయి అలాగే పిలుస్తారు. పిలిచినప్పుడల్లా ఆమెకు లోపల ఎక్కడో చక్కిలిగింతలు పెట్టినట్టు ఉంటుంది. పిన్ని పేరు మాత్రం పాతది. పెద్ద లాయరుగారు బతికున్న రోజుల్నుంచీ ఆవిడ ఈ గదిలోనే టైపు కొడుతోంది. గదిలో ఆవిడా మిషనూ తప్ప ఏదీ మొదట్నుంచీ లేదు, గోడలకు సున్నంతో సహా.

మిషన్లు పోయిన బల్ల మీద ఇప్పుడు ఒక్క కంప్యూటరు ఉంది. దానికి ఇంకా ప్లాస్టిక్ కవరు వాసన. ముందు ఒక్క కుర్చీ.

లాయరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరి మొహాలూ చూడకుండా కంప్యూటరు వంక చూసి మాట్లాడారు.

"దాచడమెందుకు, చెప్పేస్తున్నాను. ఇద్దరి పని ఇదొక్కటే చేస్తుందట. నాకు ఒక మనిషి చాలు. శనివారం ఇద్దరికీ ఒకే కాయితం ఇస్తాను. ఎవరు బాగా చేస్తే వాళ్లు ఉంటారు. అమ్మాయీ, నీకు కాలేజీలో నేర్పారుగా? ఈ నాలుగు రోజులూ పిన్నిగారికి నేర్పు. రేపు ఎవరూ అన్యాయం జరిగిందనకూడదు."

ఆయన లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాక, గుమాస్తా ఫైళ్లకు తాడు బిగిస్తూ గొంతు తగ్గించాడు.

"పరుగుపందెం పెట్టి, పక్కవాడికి బూట్లు నువ్వే తొడగమన్నట్టుంది. బాగుంది న్యాయం. న్యాయవాదులు కదా."

"నీ నోటికి కుట్లు వెయ్య," అంది పిన్ని. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, చీర కొంగు ఒళ్లో సర్దుకుని, పెళ్లికూతురి వైపు తిరిగింది. "నువ్వేం భయపడకు పిల్లా. ఎవరి నుదుటిన ఏది ఉంటే అదవుతుంది. ముందు దీన్ని ఎలా లేపాలో చెప్పు. ఇది నిద్రపోతోందా, చచ్చిపోయిందా?"

మొదటిరోజంతా నవ్వులే. మౌసును బల్ల మీద జరపమంటే పిన్ని దాన్ని పైకెత్తి, తెరకు చూపించి, గాల్లో తిప్పింది. రెండుసార్లు టకటకా నొక్కమంటే, ఒకసారి నొక్కి, ఊపిరి పీల్చుకుని, ఇంకోసారి నొక్కింది. తప్పు పడ్డ మాట కింద ఎర్రగీత మెలికలు తిరుగుతూ కనిపించేసరికి ఉలిక్కిపడింది.

"ఇదేంటే, వానపాము!"

"తప్పు కొట్టారని చెబుతోంది పిన్నీ."

"చెప్పడానికి ఇదెవరు? మా టైపు మాస్టారు చచ్చి ఇందులో పుట్టాడా ఏంటి?"

కానీ అక్షరాల మీద చెయ్యి పడిందంటే వేరే మనిషి. వేళ్లు కనిపించేవి కావు. మిషను మీద కొట్టిన బలంతోనే ఇక్కడా కొట్టేది, పాపం ఆ మెత్తటి కీబోర్డు బల్ల మీద గంతులు వేసేది. వరుస చివరికి రాగానే ఎడమచెయ్యి గాల్లోకి లేచి, అక్కడ ఏమీ లేక, దారి తప్పిన పక్షిలా ఒక క్షణం ఆగేది. చూసి చూసి పెళ్లికూతురే చెప్పింది.

"ఆ చెయ్యి ఎత్తకండి పిన్నీ. కింది వరుసకు వెళ్లాలంటే ఇదిగో, కుడిపక్క ఈ పెద్ద మీట. ఎంటరు. చిటికెన వేలితో నొక్కితే చాలు."

"అంతేనా?"

"అంతే."

పిన్ని నొక్కింది. తెర మీద మిణుకుమనే గీత కిందికి దూకింది. ఆవిడ మొహం విచ్చుకుంది. "చేతికి ఎంత సుఖమే!" అంది.

ఆ ఎంటరు మాట చెప్పినప్పుడు పెళ్లికూతురి మనసులో ఏ కల్మషమూ లేదు.

* * *

పక్కరోజు మధ్యాహ్నం పెళ్లికూతురు ఒక సంగతి కనిపెట్టింది.

పిన్ని ఒక పాత దావా కాయితం పక్కన పెట్టుకుని చూసి కొడుతోంది. పెళ్లికూతురు వెనక నిలబడి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, వెచ్చదనం అరచేతుల్లోకి ఎక్కుతుంటే ఆ సుఖంలో తెర చూస్తోంది. పిన్ని చిటికెన వేలు ప్రతి వరుస చివరా చాచుకుని ఎంటరు మీద పడుతోంది. వరుస, టక్. వరుస, టక్. క్యారేజీ చెయ్యి చేసిన పని ఇప్పుడు ఆ వేలు చేస్తోంది.

పెళ్లికూతురు నోరు తెరిచింది. 'పిన్నీ, అలా వద్దు. వరుస నిండితే అదే కిందికి దిగుతుంది. పేరా మొత్తం అయ్యాకే ఎంటరు.' ఇంతే. ఒక్క గుక్క టీ తాగేలోపు చెప్పే మాట.

సరిగ్గా అప్పుడే గుమాస్తా చంకలో ఫైళ్లతో వచ్చి, తెర మీదికి తొంగిచూశాడు.

"అచ్చు గుద్దినట్టుంది పిన్నీ! కానీ పై కోర్టుకు ఇలా పనికిరాదు. వాళ్లకు అక్షరం లావుగా ఉండాలి, పక్కన మార్జిను జానెడు వదలాలి. ఒకే కాయితం కింది కోర్టుకొకలా, పై కోర్టుకొకలా రెండుసార్లు కొట్టించలేకే కదా సారు దీన్ని కొన్నది. శనివారం కూడా అదే అడుగుతారు, చూడండి."

"అడగనీ. ఈ పిల్ల నేర్పుతుందిగా," అంది పిన్ని, తల తిప్పకుండానే.

పెళ్లికూతురి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. తెర మీది పేజీ వంక చూసింది. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ ప్రతి వరుస చివరా, కంటికి కనపడకుండా, ఒక మేకు దిగి ఉంది. అక్షరం కాస్త పెద్దది చేస్తే చాలు, ప్రతి వరుసలోంచీ చివరి రెండు మాటలూ కిందికి జారతాయి, జారి ఆ మేకుకు తగిలి ఒంటరిగా నిలబడిపోతాయి. నిండు వరుస, తుంట వరుస, నిండు వరుస, తుంట వరుస. పేజీ మొత్తం పళ్లూడిన దువ్వెన అవుతుంది.

టీ చల్లారిపోయింది. సాయంత్రం చెబుదాంలే అనుకుంది.

సాయంత్రం పిన్ని తొందరగా లేచింది. "అక్క ఎదురుచూస్తుంది. చూపు లేదు కదా, పొద్దుగూకిందని ఒంటి మీది ఎండను బట్టి తెలుసుకుంటుంది. కాస్త ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి కూర్చుంటుంది. వీధిలో పోయేవాళ్లందరినీ నేనే అనుకుని తిడుతుంది." నవ్వుతూ చెప్పి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఆగింది. "ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారే? ముసలి ఎద్దుకు కొత్త కాడి. కానీ నువ్వు బాగా చెబుతున్నావు. మా మాస్టారు స్కేలు పెట్టి కొట్టేవాడు."

రేపు చెబుదాంలే అనుకుంది పెళ్లికూతురు.

* * *

పెళ్లికూతురూ మొగుడూ ఉండేది ఒక్క గది. కానీ ఆ గదికి తూర్పున కిటికీ ఉంది. కిటికీకి రెండు రెక్కలున్నాయి. ఒక రెక్క మూస్తే ఇంకోటి దానంతటదే తెరుచుకుంటుంది. అది చూసి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్న పొద్దులున్నాయి. రెండు గ్లాసులు, రెండు కంచాలు, ఒక పరుపు, వాకిట్లో ఆమె తెచ్చి నాటిన ఏదో తీగ. ఆ తీగ పేరు ఇద్దరికీ తెలియదు. పూసినప్పుడు తెలుస్తుందిలే అనుకున్నారు.

పెళ్లయిన కొత్తలో ఈ గది లేదు. బావగారింట్లో, హాల్లో, పాత చీర అడ్డం కట్టుకుని పడుకునేవాళ్లు. ఆ చీరకు అవతల తోడికోడలి పిల్లలు. నవ్వొస్తే దిండులో మొహం పెట్టుకుని నవ్వాలి. ఒకసారి ఆమె నిద్రలో ఏదో అంటే, పొద్దున్నే తోడికోడలు అందరి ముందూ అదే మాట అప్పచెప్పింది. ఆమె ఉద్యోగంలో చేరాకే ఈ గది, ఈ కిటికీ.

అతనిది చెక్కసామాన్లకు పాలిషు పెట్టే పని. ఉన్నరోజు ఉంటుంది, లేనిరోజు లేదు. గోళ్లలో ఎప్పుడూ రంగు, ఒంటికి వార్నీషు వాసన. ఆ వాసన మొదట్లో ఆమెకు తలనొప్పి తెచ్చేది, ఇప్పుడు అది వీధి మలుపులో వస్తేనే అతను వచ్చేశాడని లేచి నిలబడుతుంది.

ఆ రోజు అతను గుమ్మంలో కూర్చుని గరుకు కాయితంతో చిన్న పీట ఒకటి రుద్దుతున్నాడు.

"ఇదేంటి?"

"నువ్వు కాలు పెట్టుకోవడానికి. కుర్చీలో కూర్చుంటే కాళ్లు లాగుతున్నాయన్నావుగా. ఆఫీసుకు పట్టుకెళ్లు." రుద్దడం ఆపి, పీటను చెంపకు ఆనించుకుని నునుపు చూసుకున్నాడు. "శనివారం సంగతేంటి? నీకు వచ్చిన పనేగా?"

"వచ్చు."

"మరి మొహం అలా పెట్టావేం? ఆ పెద్దావిడకు నువ్వే నేర్పుతున్నావా? అన్నీ చెప్పేస్తున్నావా ఏంటి కొంపదీసి?" నవ్వుతూనే అన్నాడు. అతను ఏదైనా నవ్వుతూనే అంటాడు.

"చెప్పొద్దంటారా?"

అతను పీట తిప్పి రెండో వైపు రుద్దడం మొదలుపెట్టాడు. "నేనేం అన్లేదు," అన్నాడు. తర్వాత, పీట వంకే చూస్తూ, "పొద్దున్న వదిన కనపడింది బజార్లో. హాలు ఖాళీగానే ఉంది, ఎప్పుడైనా రావచ్చంది," అన్నాడు.

కిటికీ రెక్క గాలికి మూసుకుంది. రెండోది తెరుచుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

* * *

ఆ తర్వాత రోజులన్నీ పెళ్లికూతురు మనసు పెట్టి నేర్పింది. ఇది మాత్రం నిజం. మాటను ఒకచోట కత్తిరించి ఇంకోచోట అతికించడం, చేసిన పని వెనక్కి తీసుకోవడం, పేరు పెట్టి దాచడం, దాచింది మళ్లీ వెతికి తియ్యడం, శీర్షికను నడిమధ్యకు తేవడం. అన్నీ ఒకటికి నాలుగుసార్లు, చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చెప్పని ఒక్కదానికి బదులుగా మిగతావన్నీ రెండింతలు చెబుతున్నట్టు చెప్పింది. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం తీసి పిన్ని మూతలో పెట్టింది. పిన్ని చెయ్యి నొప్పి అంటే మణికట్టు పట్టింది.

చేసిన పని వెనక్కి తీసుకునే మీట పిన్నికి మహా నచ్చింది. ఊరికే ఒక వరుస చెరిపేది, వెనక్కి తెచ్చేది, పక్కవాళ్లకు చూపించేది. గుమాస్తా వచ్చి చూసి, "మా ఆవిడతో మాట్లాడాక నొక్కుకోవడానికి నాకూ ఒకటి కావాలి పిన్నీ, ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగి వెళ్లాడు.

శుక్రవారం పిన్ని తనంతట తానే అడిగింది. "అక్షరాలు పెద్దవి చెయ్యడం చూపించలేదేమే నువ్వు? గుమాస్తా అన్నాడుగా, అదే అడుగుతారని."

పెళ్లికూతురు తెర పైఅంచున వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, ఇక్కడ అంకెలున్నాయి కదా. మాట పట్టుకుని, అంకె మార్చడమే."

"పేజీ మొత్తం చేసి చూస్తాను."

తెర మీద పేజీ నిండా పిన్ని కొట్టిన మాటలు. బాణం మొదటి అక్షరం వైపు వెళ్తోంది. పెళ్లికూతురు వంగి, నెమ్మదిగా, ఎంతో ప్రేమగా, మౌసు మీది పిన్ని చేతి మీద తన చెయ్యి వేసింది. బాణాన్ని పేజీ నెత్తిన ఉన్న శీర్షిక మీదికి నడిపించింది.

"దీన్నొక్కదాన్ని చేసి చూడండి పిన్నీ. ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టే. పేజీ అంతా పట్టుకోవాలంటే ఇదిగో, ఈ రెండు మీటలూ కలిపి నొక్కడమే. మిగతాదంతా ఇదే."

శీర్షిక ఒక్కటే పెద్దదైంది. రెండే మాటల వరుస, అటూ ఇటూ బోలెడు చోటు, ఏమీ విరగలేదు. పిన్ని తృప్తిగా వెనక్కి వాలింది.

"ఇంకేమైనా ఉందా పిల్లా, నాకు చెప్పనిది?"

"ఏం లేదు పిన్నీ."

గొంతు తనదే. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో తెలియలేదు. మొన్న చెప్పకపోవడం వేరు, ఆ చేతిని పట్టుకుని పక్కకు తిప్పడం వేరు. ఆ తేడా ఆమెకు తెలుసు. తెలిసి కూడా, ఇంటికి వెళ్లే దారిలో, కిటికీకి కట్టడానికి లేత నీలం గుడ్డముక్క బేరమాడి కొనుక్కుంది.

* * *

శనివారం పిన్ని ఉతికిన గంజిచీర కట్టుకుని వచ్చింది. లాయరుగారు ఇద్దరికీ ఒకే కాయితం చూపించారు. పై కోర్టులో వెయ్యాల్సిన అర్జీ, చేతిరాత, కొట్టివేతలు, అంచుల్లో బాణాలు.

"ముందు పెద్దవాళ్లు," అన్నారు.

పిన్ని కూర్చుంది. కాయితం వరుసలు ఒకసారి పైనుంచి కిందికి చూసింది, వంటామె బియ్యం కళ్లతోనే కొలిచినట్టు. తర్వాత కొట్టింది. గుమాస్తా ఫైలు కట్టడం మాని నిలబడ్డాడు. లాయరుగారు కూడా రెండడుగులు దగ్గరికి వచ్చారు. ఆగలేదు, వెనక్కి రాలేదు, ఒక్క ఎర్ర వానపామూ పుట్టలేదు. వరుస, టక్. వరుస, టక్. ఆ టక్ పడినప్పుడల్లా తలుపు పక్కన నిలబడ్డ పెళ్లికూతురి వీపులో ఎవరో వేలితో పొడిచినట్టు ఉంది.

"అద్భుతం," అన్నారు లాయరుగారు, నిజంగానే. "ఇప్పుడు దీన్ని పై కోర్టుకు తగ్గట్టు చెయ్యండి. అక్షరం రెండు మెట్లు పెంచండి. ఎడమపక్క మార్జిను వెడల్పు చెయ్యండి."

"చిత్తం," అంది పిన్ని ధీమాగా. రెండు మీటలు కలిపి నొక్కింది. పేజీ అంతా నల్లబడింది. అంకె మార్చింది.

పేజీ విరిగిపోయింది.

పిన్ని తెర దగ్గరికి వంగింది. ప్రతి వరుస కిందా రెండేసి మాటలు, అనాథల్లా. 'ప్రార్థించడమైనది' అన్న మాట ఒక్కటే ఒక వరుస మొత్తానికి నిలబడింది. ఆవిడ వెనక్కి తీసుకునే మీట నొక్కింది. అంతా సర్దుకుంది. ఊపిరి పీల్చుకుని, చేతులు కొంగుకు తుడుచుకుని, మళ్లీ పెంచింది. మళ్లీ విరిగింది.

"నేను... నేను సరిగ్గానే నొక్కానండీ," అంది. తల తిప్పి పెళ్లికూతురి కోసం చూసింది. సాయం అడిగే చూపు కాదు అది. తాను సరిగ్గానే చేశానని సాక్ష్యం చెప్పమనే చూపు. పెళ్లికూతురు నేల చూసింది.

పిన్ని ఒక తుంట వరుస పట్టుకుని పైకి కత్తిరించి అతికించింది. దాని కింది వరుస ఇంకోలా విరిగింది. ఇంకోటి సర్దింది. ఎప్పుడూ కనిపించని ఆ వేళ్లు ఇప్పుడు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తున్నాయి. వంకర్లు పోయి, కణుపులు తేలి, ఏ మీట మీద పడాలో తెలియక తడుముకుంటూ. గోడ గడియారం వంక లాయరుగారు ఒకసారి చూశారు. ఇంకోసారి చూశారు.

"చాలమ్మా," అన్నారు మెత్తగా. "లేవండి."

పెళ్లికూతురు కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. నెమ్మదిగా కొట్టింది. మూడుచోట్ల మాటలే తప్పు కొట్టింది, ఒకచోట ఒక వరుస దాటేసింది. అక్షరం పెంచమన్నప్పుడు పెంచింది. పేరాలు నీళ్లలా కదిలి, కొత్త అంచుల దాకా వెళ్లి, బుద్ధిగా సర్దుకుని కూర్చున్నాయి.

లాయరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పులు దిద్దుకోవచ్చు. ఇప్పుడు కావలసింది ఇదీ," అన్నారు కంప్యూటరుతోనే. "పిన్నిగారూ, సోమవారం ఒకసారి రండి. మీ కాయితాలూ అవీ అప్పగించి వెళ్దురుగాని."

* * *

ఆదివారం నీలం గుడ్డ కిటికీకి కట్టింది. అతను బల్ల ఎక్కి మేకు కొడుతూ పాట ఎత్తుకున్నాడు, మధ్యలో చరణం మరిచిపోయి తనే కల్పించుకున్నాడు. ఎండ ఆ గుడ్డలోంచి వచ్చి గోడంతా నీలంగా పడింది. "చూడు, చూడు, చెరువులో ఉన్నట్టుంది!" అని ఆమెను లాగి గోడ ముందు నిలబెట్టాడు. ఆమె చేతుల మీద, మొహం మీద నీలం. బాగుంది. ఎంత బాగుందో ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"నవ్వవేం?"

నవ్వింది.

* * *

సోమవారం పిన్ని వచ్చేసరికి పెళ్లికూతురు కుర్చీలోంచి లేచి నిలబడింది. పిన్ని చేత్తోనే కూర్చోమంది. అరలోంచి తన సామాను తీసుకుంది: ఒక చిన్న అద్దం, దువ్వెన, గ్లాసు, ఎండిపోయిన టైపు రిబ్బను డబ్బా ఒకటి. అన్నీ చేతిసంచిలో పడ్డాయి, సంచి సగం కూడా నిండలేదు. గుమాస్తా కోర్టుకు వెళ్లడానికి చెప్పులేసుకుంటూ, ఏదో జోకు వెయ్యబోయి మానుకుని, "వస్తూ ఉండండి పిన్నీ," అని దిగిపోయాడు.

పిన్ని స్టూలు లాక్కుని పెళ్లికూతురి పక్కన కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది.

"నీకొక మాట చెప్పాలే."

పెళ్లికూతురు మీటల మీంచి చేతులు తీసింది. ఆదివారమంతా, పొద్దున దారి పొడుగునా, ఈ మాట కోసమే ఎదురుచూసింది. ఏమంటుందో, తనేమనాలో, కాళ్ల మీద పడాలో వద్దో, అన్నీ అనుకుంది.

"ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు. నిన్న అక్కకు చెబితే, వెళ్లి ఆ పిల్లకు చెప్పేసి రా, లేకపోతే నీకు ముద్ద దిగదంది." పిన్ని సంచి తాళ్లు ముడివేసి, విప్పింది. "నువ్వు కొడుతున్నప్పుడు బుధవారమో గురువారమో చూశాను. వరుస చివర నువ్వు ఆ మీట నొక్కట్లేదు. అయ్యో, ఈ పిల్లకు వరుస తెంచడం రాదే అనుకున్నాను. అదే కిందికి జారిపోతోంది, ఎక్కడ పడితే అక్కడ తెగుతోంది. మా రోజుల్లో టైపు పరీక్షలో, ఇచ్చిన కాయితంలో వరుస ఎక్కడ తెగితే మనదీ అక్కడే తెగాలి. లేదంటే వరుసకొక తప్పు వేసేవాళ్లు. శనివారం సారు నీకు వేసే తప్పులన్నీ నాకు ముందే కనిపించాయి."

పిన్ని స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"చెబుదామనే అనుకున్నానమ్మా, ఒట్టు. నోటిదాకా వచ్చింది. కానీ ఒక్క కుర్చీ కదా. అక్క గుర్తొచ్చింది. నువ్వేమో నాకు అన్నీ విప్పి చెబుతున్నావు, అడగనివి కూడా చెబుతున్నావు, నీ డబ్బాలోది నాకు పెడుతున్నావు. నేనేమో నీ తప్పు చూసి నోరు మూసుకున్నాను." పిన్ని కళ్లు తుడుచుకోలేదు. నీళ్లు గడ్డం దాకా వచ్చి సంచి మీద పడ్డాయి. "చూశావా, అది తప్పే కాదట. తప్పు నాదట. దేవుడు అక్కడికక్కడే చూపించాడు. అందుకు నాకు ఏడుపు లేదు. కానీ నువ్వు నన్ను క్షమించానని ఒక్క మాట అనాలి."

బయట మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. ఆ అడుగుల చప్పుడు కింది దాకా వెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు చెప్పవచ్చు. ఇంతకంటే మంచి సమయం జన్మలో రాదు. నేనూ అంతే పిన్నీ, నాకు తెలిసే, మీ చెయ్యి పట్టుకుని... లాయరుగారి తలుపు వారగా తెరిచి ఉంది. లోపల ఆయన ఫోన్లో మాట్లాడుతున్నారు.

"పర్వాలేదు పిన్నీ," అంది పెళ్లికూతురు. "నేనేం అనుకోను."

పిన్ని రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుంది. ఆ వేళ్లు గరుగ్గా, చల్లగా ఉన్నాయి. "నీ మనసు వెన్నే. నీ ఇల్లు చల్లగా ఉండాలి." కొంగుతో ముక్కు తుడుచుకుని, బరువు దిగిన మనిషిలా నిటారుగా కూర్చుంది. "సరే, ఇప్పుడు చెప్పు, అసలు ఎక్కడ చెడింది? తెలియకుండా పోతే నాకు నిద్ర పట్టదు."

పెళ్లికూతురు శనివారం పిన్ని కొట్టిన పేజీ తెరిచింది. పైన ఉన్న ఒక బొమ్మ నొక్కింది. మామూలుగా కనపడని గుర్తులన్నీ తెర మీదికి వచ్చాయి. ప్రతి వరుస చివరా ఒక చిన్న కొంకి.

"ఇవన్నీ ఎంటర్లు పిన్నీ. పేరా అయ్యాకే నొక్కాలి. మధ్యలో నొక్కితే అక్కడ తెగిపోతుంది, ఇక కలవదు."

పిన్ని కొంకుల్ని ఒక్కొక్కటిగా కళ్లతో లెక్కపెట్టుకుంటూ కింది దాకా వెళ్లింది. "ఇంతేనా?" అంది. నవ్వింది కూడా. "ఇంత చిన్న ముక్క. ఎవరైనా ఒక్క మాట చెబితే పోయేది. పాపం నీకు మాత్రం ఏం తెలుసు, నా పేజీ విరిగాకే కదా నువ్వూ చూసింది."

పెళ్లికూతురు తల ఊపింది.

పిన్ని లేచింది. లాయరుగారి తలుపు దగ్గర ఒక క్షణం నిలబడి, ఆయన ఫోను వదలకపోవడంతో లోపలికి చూసి ఒక నమస్కారం పెట్టి, మెట్లు దిగింది. దిగడం తేలిగ్గానే దిగింది.

కొంతసేపటికి లాయరుగారు తలుపులోంచి తల బయటపెట్టారు. "అమ్మాయీ, అర్జీ ఇవాళే వెయ్యాలి. నీ కాపీ వద్దు, తప్పులున్నాయి. పిన్నిగారిది తియ్యి. ఆ విరిగినవేవో అతికించి, అక్షరం పెంచి పట్టుకురా."

పెళ్లికూతురు మొదటి వరుస చివర ఆ మిణుకు గీత పెట్టింది. చెరిపే మీట నొక్కింది. కొంకి పోయింది, కింది వరుస పైకి ఎక్కి మొదటి వరుసలో కలిసింది. రెండోది. మూడోది. నొక్కుతూ చదువుతోంది. ఎక్కడో ఒకచోట, ఒక అక్షరమైనా, ఒక చుక్కయినా ఆవిడ తప్పు కొట్టి ఉంటుందని చదువుతోంది. ఒక్కటి దొరికితే చాలు. పేజీ చివరి దాకా వచ్చింది. మళ్లీ పైకి వెళ్లి మొదట్నుంచీ చదివింది.

దొరకలేదు.